పాల మిషన్ పెట్టినా బర్రెలను మేతకు తోలొచ్చు: ఎలాగో దశలవారీగా

"అన్నా, మిషన్ తెచ్చినంక బర్లను మేతకు పంపొచ్చా, కొట్టంలనే కట్టేయాల్నా?" వారానికి ఇద్దరన్నా ఇదే అడుగుతున్నారు. నర్సంపేట, పరకాల, ములుగు, హుజూరాబాద్... ఊరు మారుతుంది గానీ ప్రశ్న మారదు. కొందరు రోబో వీడియోలు కూడా పంపుతున్నారు. విదేశాల్లో ఆవు తనంతట తానే పచ్చిక నుంచి నడిచొచ్చి పెట్టెలోకి దూరుతుంది, మనిషి లేకుండానే పాలు పిండుడు అయిపోతుంది, మళ్లీ పచ్చికలోకి వెళ్లిపోతుంది. మన దగ్గర ఇది కుదురుతుందా అని వాళ్ల సందేహం.

ముందు రోబో సంగతి చెప్పేస్తాను. 1992లో నెదర్లాండ్స్‌లో మొదలైన ఆ యంత్రం ఒక్కొక్కటి దాదాపు 60 ఆవులను చూసుకుంటుంది. దాని ధరకు మన దగ్గర ఊరవతల భూమి కొనొచ్చు. ఆరు, పది పశువులున్న ఇంటికి అది లెక్కకు రాదు. కానీ దాని వెనకున్న ఉపాయం మనకు పనికొస్తుంది. వాళ్లు పచ్చికను మూడు భాగాలు చేసి, రోజులో మూడుసార్లు కొత్త గడ్డి ఇస్తారు. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్లాలంటే ఆవు కొట్టం మీదుగానే పోవాలి. దారిలో గేటు దాని మెడపట్టీ చూసి, పాలు పిండే సమయం అయ్యుంటే రోబో వైపు, కాకపోతే గడ్డి వైపు మళ్లిస్తుంది. ఆవును ఎవరూ తోలుకొని రారు. ముందు ఏదో దొరుకుతుందని దానికి తెలుసు, అందుకే నడుస్తుంది.

మనం పట్టుకోవాల్సింది అదొక్కటే. బర్రె తన ఇష్టంతో, రోజూ అదే టైముకు ఇంటికి రావాలి. అలా వస్తే పాలను గుంజి బకెట్‌లో నింపే మామూలు బకెట్ మిషన్‌తోనే మేతా పాలూ రెండూ నడుస్తాయి. నేను ఎనిమిది పాలిచ్చే బర్రెలతో చేస్తున్న పద్ధతి ఇది. ఆవులున్నవాళ్లకు ఎక్కడ తేడా వస్తుందో అక్కడక్కడ చెబుతాను.

ఏమేం కావాలి

- ఒక బకెట్ మిషన్. ఎనిమిది, పది పశువులకు ఒకే బకెట్, చన్నులకు తగిలించే ఒకే నాలుగు కప్పుల సెట్టు చాలు. మోటారు ఇంటి సింగిల్ ఫేజ్ మీద నడిచేది తీసుకోండి. కొనేముందు లైనర్ రబ్బర్లు (కప్పు లోపల చన్నును పట్టే రబ్బరు), పల్సేటర్ (గుంజుడును ఆపి ఆపి పంపేది) విడిభాగాలు వరంగల్‌లో గానీ హైదరాబాద్‌లో గానీ దొరుకుతాయా అని అడగండి. ధర కంటే ఇది ముఖ్యం.
- కరెంటు పోయిన రోజుకు చిన్న జనరేటర్, లేదా చేత్తో పిండగలిగే మనిషి. ఇంటి ఇన్వర్టర్‌ను నమ్ముకోవద్దు, మోటారు మొదలయ్యేటప్పుడు లాగే లోడుకు చాలావరకు ఆగిపోతుంది.
- నల్ల గిన్నె ఒకటి, చన్నులు ముంచే కప్పు, 0.5 శాతం అయోడిన్ ద్రావణం, బర్రెకు ఒకటి చొప్పున పాత నూలు గుడ్డలు.
- కొట్టం ముందు మొరం పోసి గట్టిపరచిన జాగా. వానకాలంలో దీని విలువ తెలుస్తుంది.
- కొట్టం దగ్గర నీళ్ల తొట్టి. పాలిచ్చే బర్రె రోజుకు 60 నుంచి 80 లీటర్లు తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ.
- కిలోమీటరు లోపల మేత. సొంత చెలక, కోత అయిన పొలం, చెరువు శిఖం (నీళ్లు తగ్గాక తేలే భూమి), ఒడ్ల మీది గడ్డి, ఏదైనా సరే.
- ఒక నోటుబుక్కు, గోడ గడియారం.

కిలోమీటరు అన్నది నేను పెట్టుకున్న హద్దు. అంతకంటే దూరం తోలితే తిన్న గడ్డి నడకకే పోతుంది, పాలలో కనిపించదు. దూరపు మేతకు వట్టిపోయినవాటినీ దుడ్డెలనూ పంపండి.

1. రెండూ ఒకేసారి మొదలుపెట్టొద్దు

చాలామంది చేసే మొదటి తప్పు ఇదే. మిషన్ వచ్చిన వారమే మేత కూడా మారుస్తారు. పాలు తగ్గితే కారణం మిషనా, మేతా అన్నది తెలియదు. ముందు మిషన్ అలవాటు చేయండి, పాలు పాత లెక్కకు వచ్చాక, అంటే 15, 20 రోజుల తర్వాత మేత మొదలుపెట్టండి. మీ బర్రెలు ఇప్పటికే మేతకు పోతుంటే ఆ టైములు కదిలించకుండా మిషన్ ఒక్కటే చేర్చండి.

2. మిషన్ చప్పుడు అలవాటు చేయడం

మొదటి నాలుగైదు రోజులు దాణా తినేటప్పుడు మోటారు ఊరికే నడపండి, పాలు చేత్తోనే పిండండి. తర్వాత రెండు రోజులు కప్పులను పొదుగు దగ్గర పెట్టి చూపించండి, ఒంటికి తాకించండి. ఆ తర్వాతే తగిలించండి. ముందు నెమ్మదస్తురాలైన బర్రెతో మొదలుపెట్టండి, పక్కనున్నవి దాన్ని చూసి కుదురుకుంటాయి. తొలి ఈత బర్రెలు తొందరగా నేర్చుకుంటాయి, నాలుగైదు ఈతలు చేత్తో పిండించుకున్నవి మొండికేస్తాయి. తన్నిందని కొట్టారా, ఆ పూట పాలు మరిచిపోండి. బెదిరిన బర్రె చేపదు, అంటే పాలు పొదుగులోంచి చన్నుల్లోకి దించదు.

3. చేపు వచ్చాకే కప్పులు

ఈ మెట్టు మీద ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బర్రెల మిషన్ తంటాలు సగం ఇక్కడివే.

ఆవు పొదుగులో కింది భాగంలో, అంటే చన్నుల పైన ఉండే చోట, దాదాపు ఐదో వంతు పాలు ముందే దిగి ఉంటాయి. బర్రెలో అలా ఉండేది నూటికి ఐదు పాళ్లే. మిగతావన్నీ పైన సన్నని తిత్తుల్లో పట్టుకొని ఉంటాయి, చేపు వస్తేనే దిగుతాయి. ఆవుకు నిమిషంలో చేపు వస్తే బర్రెకు రెండు, మూడు నిమిషాలు, కొన్నింటికి ఇంకా ఎక్కువ పడుతుంది. చేపు రాకుండా కప్పులు తగిలిస్తే మిషన్ ఖాళీ చన్నును గుంజుతుంది. చన్ను కొన ఎర్రబడి, పగిలి, గట్టిపడి, చివరికి పొదుగువాపులోకి దిగుతుంది.

కాబట్టి ఇలా చేయండి:

- దాణా ముందు పెట్టండి. కడిగేది, తుడిచేది, పిండేది రోజూ ఒకే మనిషి అయితే మంచిది.
- దూడ అలవాటున్న బర్రెకు దూడను నిమిషం సేపు విడవండి, చన్నులన్నీ ఒకసారి అందుకోనివ్వండి, తర్వాత తల దగ్గర కట్టేయండి.
- దూడ లేకపోతే పొదుగును చేత్తో నిమురుతూ రెండు నిమిషాలు ఓపిక పట్టండి.
- చన్నులు నిండుగా, బిగుతుగా అయ్యాయా అని వేళ్లతో చూడండి. మెత్తగా వేలాడుతుంటే ఇంకా కాలేదు.

చేపు కోసం సూది మందు వేయొద్దు. అలవాటైతే సూది లేకుండా బర్రె చేపనే చేపదు, కట్టు (చూలు) నిలవడంలో కూడా తంటాలొస్తాయి. మేతకు పోయి వచ్చిన బర్రె, తన చోట తాను నిలబడి, తన తొట్టిలో దాణా చూసుకొని చేపడం మీరే గమనిస్తారు. మా దగ్గర రెండు బర్రెలు గేటు దాటి లోపలికి రాగానే చన్నులు బిగిస్తాయి. టైము పాటిస్తే వచ్చే లాభం ఇదే.

4. పాలు పిండే వరుస

1) ఒక్కో చన్ను నుంచి మొదటి మూడు, నాలుగు ధారలు నల్ల గిన్నెలో పిండి చూడండి. గడ్డలు, నీళ్ల పాలు, రక్తపు చార ఉంటే ఆ బర్రెను పక్కకు పెట్టి చివరన చేత్తో పిండండి. ఆ పాలు కలపొద్దు.

2) చన్నులు మాత్రమే కడగండి. పొదుగు మొత్తం కడిగితే పైనుంచి కారే బురద నీళ్లు నేరుగా కప్పులోకి పోతాయి. మేత నుంచి బురదతో వచ్చిన రోజు ఇది మరీ ముఖ్యం.

3) ఆ బర్రె గుడ్డతో ఆ బర్రెనే తుడవండి. ఒకే గుడ్డతో అన్నింటినీ తుడవడమంటే రోగాన్ని ఇల్లిల్లూ పంచినట్టే.

4) గుంజుడు (వ్యాక్యూమ్) ఎంతుందో చూపే గేజి చూడండి. ఆవులకు 40 నుంచి 45 కిలోపాస్కల్ మధ్య ఉండాలి. బర్రె చన్ను రంధ్రం బిగుతు కాబట్టి కొంచెం ఎక్కువ, 50 దాకా పెట్టుకోవచ్చు. పాలు నెమ్మదిగా వస్తున్నాయని అంతకు మించి పెంచకండి. పాలు రాకపోవడానికి కారణం గుంజుడు తక్కువ కావడం కాదు, చేపు రాకపోవడం.

5) కప్పులు తగిలించేటప్పుడు గాలి పీల్చిన చప్పుడు వస్తే సరిగా కూర్చోలేదని అర్థం. ఆ గాలితో పాటు పెండ తునకలు కూడా పోతాయి.

6) పారదర్శక గొట్టంలో పాల ధార సన్నబడి ఆగగానే ముందు వ్యాక్యూమ్ బంద్ చేయండి. రెండు క్షణాలు ఆగితే కప్పులు వాటంతటవే జారతాయి. గుంజి తీయడం పెద్ద తప్పు.

7) తీయగానే ఒక్కో చన్నును అయోడిన్‌లో ముంచండి.

ఎనిమిది బర్రెలకు గంటా పావు పడుతుంది. తొలి ఈతవి, ఆరోగ్యంగా ఉన్నవి ముందు. పాతవి తర్వాత. వాపు వచ్చినవి, మందు వాడుతున్నవి ఆఖరున.

5. పాలు పిండాక అరగంట కుంటలో దిగనివ్వొద్దు

మేతను మిషన్‌తో కలిపినప్పుడు వచ్చే అసలు చిక్కు ఇక్కడుంది. పాలు పిండిన తర్వాత చన్ను రంధ్రం అరగంట వరకు పూర్తిగా మూసుకోదు. ఆ అరగంట బర్రె పడుకోకూడదు. కొట్టంలో కట్టేసినవాళ్లు గడ్డి వేసి నిలబెడతారు. మేతకు తోలేవాళ్లకు ఇది సులువే, ఎందుకంటే బర్రె నడుస్తూ, మేస్తూ నిలబడే ఉంటుంది. కానీ దారిలో కుంట ఉంటే? బర్రె నేరుగా అందులోకి దిగుతుంది. తెరిచి ఉన్న చన్నుల్లోకి బురద నీళ్లు పోతాయి.

మొదటి ఏడాది వానకాలంలో నాకు జరిగింది అదే. దగ్గర దారని కుంట పక్కనుంచే తోలాను. నెలలో మూడు బర్రెలకు పొదుగువాపు వచ్చింది. ఒక దానికి వెనక చన్ను ఎండిపోయింది, ఇంక రాలేదు. మంచి ముర్రా బర్రె. ఆ చన్ను చూసినప్పుడల్లా ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అప్పటినుంచి దారి మార్చాను. పోయేటప్పుడు ఎత్తు మీదుగా, కుంట తగలకుండా. వచ్చేటప్పుడు మాత్రం కుంట మీదుగా, పాలకు కనీసం గంట ముందు. ఈదులాడి వచ్చినవి కొట్టం ముందు మొరం మీద ఆరిపోతాయి, ఒళ్లు చల్లబడుతుంది.

మీకు వేరే దారి లేకపోతే, తోలేముందు అరగంట కొట్టంలోనే వరిగడ్డి వేసి నిలబెట్టండి. ఆ అరగంటలో మీరు మిషన్ కడుక్కోవచ్చు.

6. ఇంటికి తిరిగొచ్చే టైము ఖాయం చేయడం

పోయే టైము అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, వచ్చే టైము మారొద్దు. దీనికి నేను పాటించేవి మూడు.

దాణా ఇంటి దగ్గరే, పాలు పిండేటప్పుడే. చేను దగ్గర ఎప్పుడూ పెట్టను. లెక్క మామూలే: ఒంటికి ఒకటి, ఒకటిన్నర కిలో, ఆపైన రెండు లీటర్ల పాలకు కిలో. ఆవుకైతే రెండున్నర లీటర్లకు కిలో. దీన్ని రెండు పూటలకు పంచండి. పత్తి చెక్క, తౌడు, మక్కల పిండి, ఖనిజ లవణం, ఏది కలిపినా రోజూ అదే రుచి ఉండాలి.

మంచి నీళ్లు ఇంటి దగ్గరే. మేతలో నీళ్లు దొరికితే బర్రె అక్కడే ఉండిపోతుంది. అలాగని ఎండలో దాహంతో ఉంచొద్దు. ఉదయం మేత మూడు, నాలుగు గంటలే కాబట్టి నీళ్లకు ఇంటికి రావడమే అలవాటు అవుతుంది.

పచ్చిగడ్డి రాత్రికి. కోసి తెచ్చిన సూపర్ నేపియర్, కో-4 రకం గడ్డి సాయంత్రం పాల తర్వాతే వేస్తాను.

వానకాలం, చలికాలం మా ఇంటి పొద్దు ఇలా నడుస్తుంది. తెల్లవారి 5కు మిషన్ మొదలు, ఆరుంపావుకు అయిపోతుంది, ఆరున్నరకు పాలు సెంటర్‌కు. 7కు మేతకు. 11కు ఇంటికి, నీళ్లు, నీడ, నెమరు. 2 నుంచి 4 వరకు దగ్గర్లో మళ్లీ మేత, కుంట. సాయంత్రం 5కు పాలు. చీకటి పడ్డాక బయటికి పంపను, పాముల భయం.

ఏప్రిల్, మే నెలలు వేరు. 44 డిగ్రీల ఎండలో నల్ల చర్మం, తక్కువ చెమట గ్రంథులున్న బర్రెను తోలడం పాపం. తెల్లవారి నాలుగున్నరకే పాలు, ఆరు లోపల మేతకు, తొమ్మిదికి ఇంటికి. ఇక ఆ రోజుకు అంతే. మధ్యాహ్నం రెండుసార్లు నీళ్లు చల్లండి. సాయంత్రం పాలు కూడా నాలుగున్నరకే. రెండు పూటల మధ్య పన్నెండు గంటలు ఉంటే మేలు, 14-10గా ఉన్నా బర్రె సర్దుకుంటుంది. రోజుకో టైము అయితే మాత్రం సర్దుకోదు. పెళ్లిళ్లకు, జాతరలకు పోయేటప్పుడు టైముకు పిండే మనిషిని ముందే చూసిపెట్టండి.

మేత కొత్తగా మొదలుపెట్టేటప్పుడు మొదటి రోజు అరగంట, ఆపైన రెండు, మూడు రోజులకో అరగంట పెంచుకుంటూ పోండి. పొట్ట పచ్చి మేతకు అలవాటు పడటానికి పది, పదిహేను రోజులు పడుతుంది. తోలేముందు కొంచెం వరిగడ్డి తినిపిస్తే పెండ పలచబడదు.

7. మేత జాగాను మూడుగా చేయడం

సొంత చెలక అరెకరం, ఎకరం ఉంటే రోబో వాళ్ల ఉపాయం ఇక్కడ వాడుకోండి. మూడు, నాలుగు మళ్లుగా విడగొట్టి, ఒకటి మేస్తుండగా మిగతావి పెరగనివ్వండి. వానకాలంలో ఒక మడికి 25, 30 రోజుల విరామం ఉంటే మళ్లీ తయారవుతుంది. మోకాలెత్తు ఉన్నప్పుడు వదలండి, నాలుగు వేళ్ల ఎత్తుకు వచ్చాక తీసేయండి. అంతకంటే కిందికి మేస్తే మొదలు చచ్చిపోతుంది.

చెలక భూమికి అంజన్ గడ్డి, అందులో స్టైలో కలిపి చల్లుకోండి. నీళ్లు నిలిచే చోట పారాగడ్డి. నేపియర్ మేపడానికి పనికిరాదు, అది కోసి వేసేది. తొక్కితే దుబ్బు పాడవుతుంది.

కంచెకు సోలార్ ఫెన్సింగ్ మిషన్ పెట్టుకోవచ్చు. అది క్షణానికోసారి చిన్న షాక్ కొట్టి వదిలేస్తుంది. కరెంటు స్తంభం నుంచి గానీ, మోటారు స్టార్టర్ నుంచి గానీ నేరుగా తీగకు లైను ఇవ్వొద్దు. అడవిపందులకని అలా పెట్టిన తీగలకు మన జిల్లాల్లోనే మనుషులు చచ్చిపోయారు. ఒక్క పూటకు కూడా వద్దు.

8. ఎక్కడ మేపొద్దు

కోత అయిన వరి పొలాలు నవంబరు, డిసెంబరులో మంచి మేత. అయితే అదే నెలల్లో రోడ్ల మీద, కల్లాల్లో వడ్లు, మక్కలు ఆరబోస్తారు. ఒక బర్రె కుప్పలో మూతి పెట్టి నాలుగైదు కిలోలు మింగితే పొట్టలో పులుపు పుట్టి రెండు రోజుల్లో చచ్చిపోవచ్చు. కల్లాలున్న దారిలో పోతుంటే ముందొకరు, వెనకొకరు ఉండండి.

లేత జొన్న మరీ ప్రమాదం. వాన లేక వాడిపోయి, మళ్లీ చినుకు పడ్డాక లేచిన చిగురులో విషం ఎక్కువ. పూత రాకముందు జొన్న చేలోకి వదలొద్దు. తిన్న కొద్ది నిమిషాల్లోనే ఆయాసపడి పడిపోతుంది. దీనికి మందు డాక్టర్ దగ్గర ఉంటుంది, ఆలస్యం చేయకుండా పశువైద్యం బండి నంబరు 1962కు ఫోన్ చేయండి.

పత్తి చేలు ఏరడం అయ్యాక ఖాళీగా కనిపిస్తాయి. మందు కొట్టి ఎన్ని రోజులైందో చేను ఆసామిని అడగకుండా వదలొద్దు. గట్టు మీద ఖాళీ మందు డబ్బాలు, మందు కలిపిన డ్రమ్ములు కూడా చూసుకోండి. వయ్యారిభామ ఎక్కువున్న బీడులో మేస్తే పాలకు చేదు వాసన వస్తుంది, సెంటర్‌లో తిప్పి పంపుతారు. మంచు తడి ఆరని లూసర్న్, అలసంద మేస్తే కడుపుబ్బరం.

చెరువు శిఖంలో గడ్డి బాగుంటుంది. పాకాల, లక్నవరం, రామప్ప చెరువుల కింది ఊళ్లవాళ్లకు ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు. కానీ అక్కడి నత్తలతోనే కాలేయపు జలగలు వస్తాయి. దవడ కింద నీళ్లు దిగి సంచిలా వేలాడితే అదే అనుకోవాలి. వానలకు ముందూ తర్వాతా జలగల మందు వేయించండి. మామూలు నట్టల మందు దీనికి చాలదు, డాక్టర్‌ను అడిగి జలగలకు పనిచేసేదే తీసుకోండి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానల ముందు, గాలికుంటుది ఆరు నెలలకోసారి. బయటికి పోయే పశువుకు ఇవి తప్పకూడదు. సంకర జాతి ఆవులున్నవాళ్లు గోమార్ల మీద కన్నేసి ఉంచండి. మేతకు పోయే ఆవుకు గోమారు జ్వరం త్వరగా అంటుతుంది.

ఈనడానికి పదిహేను రోజుల ముందు నుంచి ఈనిన పదిహేను రోజుల వరకు ఏ బర్రెనూ దూరం తోలొద్దు. ఎదలో ఉన్నదాన్ని కూడా ఆ రోజు ఆపేయండి, లేకపోతే మీరు చూలు కోసం వేయించాలనుకున్న ముర్రా సూది పక్కకు పోయి ఊరి దున్నపోతు పని కానిస్తుంది.

9. మిషన్ కడగడం

పాలు అయిన వెంటనే మామూలు నీళ్లు, లేదా గోరువెచ్చని నీళ్లు గుంజించండి. ముందే మరిగే నీళ్లు పోస్తే పాలు గొట్టాలకు అట్టకడతాయి. తర్వాత చేయి పెట్టలేనంత వేడి నీళ్లలో మిషన్‌కు వాడే సోడా పౌడర్ వేసి గుంజించి, బ్రష్‌తో రుద్ది, మళ్లీ మంచి నీళ్లు. వారానికోసారి ఆసిడ్ ద్రావణం. సోడా, ఆసిడ్ ఎప్పుడూ కలపొద్దు. కప్పులు బోర్లించి నీడలో ఆరనివ్వండి.

లైనర్ రబ్బరు ఆయుష్షు సుమారు 2,500 పిండుళ్లు. ఎనిమిది బర్రెలు, రెండు పూటలు అంటే రోజుకు 16. ఐదు నెలలకు మార్చాల్సిందే. బర్రెలు తక్కువున్నా ఆరు నెలలు దాటొద్దు. బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల వేలు పెడితే పగుళ్లు తగులుతాయి. ఆ పగుళ్లలోనే పాత పాలు కుళ్లుతుంటాయి. పల్సేటర్ లెక్క కూడా నెలకోసారి చూడండి: బొటనవేలు లైనర్‌లో పెట్టి పావు నిమిషంలో ఎన్నిసార్లు నొక్కి వదులుతుందో లెక్కపెడితే 15కు దగ్గరగా రావాలి.

సరిగా నడుస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి

*చేత్తో పిండి చూడండి.* మిషన్ తీసిన తర్వాత వారానికోసారి ప్రతి బర్రెనూ చేత్తో పిండండి. నాలుగు చన్నుల్లో కలిపి పావు లీటరు కంటే ఎక్కువ వస్తే మిషన్ మిగిల్చినట్టే. చేపు రాకముందే పెట్టారా, రబ్బరు పాతదా, సెట్టు బరువు ఒక పక్కకే వేలాడుతోందా చూడండి.

*సెంటర్ చీటీ చదవండి.* ముల్కనూరు మహిళా డెయిరీకి పోసినా, విజయకు పోసినా చీటీలో వెన్న శాతం ఉంటుంది. ఆఖరి పాలలోనే వెన్న ఎక్కువ. లీటర్లు కొద్దిగానే తగ్గి వెన్న బాగా పడిపోయిందంటే పొదుగులో ఆఖరి పాలు మిగిలిపోతున్నాయి. లీటర్లు అలాగే ఉండి వెన్న మాత్రమే తగ్గితే అది మేత సంగతి: తొలకరి లేత గడ్డి ఎక్కువై, పీచు తక్కువైంది. రోజుకు రెండు, మూడు కిలోల వరిగడ్డి పెంచితే వారం, పది రోజుల్లో సర్దుకుంటుంది. ఈ తేడా తెలియక చాలామంది మంచి మిషన్‌ను అమ్మేసుకున్నారు.

*సర్ఫ్ పరీక్ష.* లీటరు నీళ్లలో 30 గ్రాముల బట్టల పౌడర్ కలిపి పెట్టుకోండి. నాలుగు చిన్న గిన్నెల్లో నాలుగు చన్నుల పాలు విడివిడిగా తీసి, పాలు ఎన్నో ద్రావణం అన్ని పోసి నిమిషం తిప్పండి. జిగురుగా, ముద్దలా అయితే ఆ చన్నులో వాపు మొదలైంది, పైకి కనిపించకపోయినా. పదిహేను రోజులకోసారి చేయండి. వానకాలంలో వారానికోసారి. మందు మొదలుపెట్టాక డాక్టర్ చెప్పినన్ని రోజులు ఆ పాలు క్యానులో కలపొద్దు.

*చన్ను కొన చూడండి.* కప్పు తీసిన వెంటనే నీలిరంగు, మొదట్లో ఉంగరంలా నొక్కుడు, కొనలో గరుకు. ఇందులో ఏది కనిపించినా గుంజుడు ఎక్కువైంది, లేదా పాలు ఆగాక కూడా కప్పులు ఉంచేస్తున్నారు.

*ఎడమ డొక్క చూడండి.* సాయంత్రం ఇంటికి వచ్చిన బర్రెకు ఎడమ పక్క, పక్కటెముకల వెనక గుంట పడి ఉంటే మేత చాలలేదు. అప్పుడు మేతను నమ్మి గడ్డి తగ్గించొద్దు. బర్రెకు రోజుకు పచ్చిగడ్డి 25, 30 కిలోలు, వరిగడ్డి ఐదారు కిలోలు కావాలి. బయట తిన్నది ఎంతో ఆ డొక్క చెబుతుంది, మిగతాది తొట్టిలో వేయండి.

ఎక్కువగా అడిగేవి

*దుడ్డె చచ్చిపోయిన బర్రె మిషన్‌కు చేపుతుందా?* చేపుతుంది, కానీ పది, పదిహేను రోజులు ఓపిక కావాలి. అదే మనిషి, అదే చోటు, అదే దాణా ఉండాలి. ఆ రోజుల్లో దాన్ని మేతకు దూరం పంపకుండా ఇంటి దగ్గరే తిప్పండి.

*మేతకు పోతే పాలు తగ్గవా?* మొదటి వారం కొంచెం తగ్గొచ్చు. మూడో వారానికి కూడా కోలుకోకపోతే దూరం ఎక్కువైంది, లేదా దాణా తగ్గించేశారు. నోటుబుక్కులో రాసిన లెక్క చూసి చెప్పాలి గానీ గుర్తు మీద చెప్పొద్దు.

*కాపరి దొరకడం లేదు, ఊరి మందలో పంపొచ్చా?* పాలిచ్చేవాటిని వద్దు. మంద తన టైముకు వస్తుంది, మీ టైముకు కాదు. రోగాలు కూడా అక్కడే అంటుతాయి. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి పాలిచ్చే బర్రెలకు విడిగా ఒక మనిషిని పెట్టుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. ఆ మనిషికి చేతి గడియారం మీరే కొనిపెట్టండి, రోజూ ఏ టైముకు గేటు దగ్గర ఉండాలో ఖాయంగా చెప్పండి.

*సాయంత్రం కరెంటు పోయి గంటైనా రాకపోతే?* ఎదురుచూడకండి. ఎక్కువ పాలిచ్చేవాటిని ముందు చేత్తో పిండేయండి. అందుకే నేను వారానికి ఒక పూట, ఆదివారం పొద్దున, అన్నింటినీ చేత్తోనే పిండుతాను. బర్రెకూ చేయి మరపు రాదు, నాకూ రాదు. ఏ పొదుగులో ఎక్కడ గట్టిగా తగులుతుందో ఆ పూటే తెలిసిపోతుంది.